బంతి మీద బతుకు

పట్నం బంతి – 9వ భాగం

మా పాలమూరు కోడేరులో, వలసకు కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ వచ్చిపోయిన ఇంటిని ఇట్టే గుర్తుపట్టేవాళ్లం. ఆ పూట ఆ ఇంట్లో రొట్టెలు చాలాసేపు కాలుతూనే ఉండేవి. బయానా పైసలు చేతిలో పడ్డాయి గనుక బాకీలు తీరేవి, బాకీలు తీరాయి గనుక మనుషులు కదలాల్సి వచ్చేది. జొన్నరొట్టెల మూట, గొంగడి, అంచు అరిగిన పార, చంకలో చిన్నపిల్ల. కృష్ణ మీదా గోదావరి మీదా దేశంలో ఇంకెక్కడో ఉన్న నదుల మీదా కట్టిన ఆనకట్టల మట్టిలో పాలమూరు గుంపుల చెమట ఉంది. ఉగాదికో పీర్ల పండుగకో వాళ్లు తిరిగొచ్చి తాళం తీసేదాకా ఆ ఇంటి ముందు ముగ్గుండేది కాదు.

అలాంటి ఇళ్ల మధ్య పెరిగినవాణ్ణి నేను. హైస్కూలు మైదానంలో గుడ్డపీలికలు కుక్కి తాడు చుట్టిన బంతి వెనక పరుగెడుతుంటే మా పెద్దనాయన గట్టు మీద నిలబడి ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఆట ఆడితే జీతమెవడిస్తడ్రా?" తిట్టు కాదది, నిజంగానే అడిగేవాడు. రెక్కాడితే గాని డొక్కాడని ఊరికి అంతకంటే న్యాయమైన ప్రశ్న ఇంకొకటి లేదు. నా దగ్గర జవాబు ఉండేది కాదు. పట్నంలో, అంటే హైదరాబాదులో, పుట్టిన ఒక మనిషి తన జీవితమంతా పెట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాడని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఆయన పేరు మహమ్మద్ హబీబ్. ఈ భాగం ఆయనది.

గత భాగాల్లో సయ్యద్ అబ్దుల్ రహీం కథ చదివారు. బడిపంతులుగా మొదలై, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకుని, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించి, 1951లోనూ 1962లోనూ దేశానికి ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిపెట్టిన మనిషి. 1963 జూన్ 11న కేన్సర్‌తో కన్నుమూశాడు. ఆనాటికి హబీబ్‌కు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. 1949 జులై 17న పుట్టిన ఈ పిల్లవాడికి రహీం చేతి కింద ఎక్కువ కాలం నేర్చుకునే అవకాశం ఎక్కడిది? కానీ రహీం దిద్దిన ఊరు అలాగే ఉంది. ఆ ఊళ్లో పిల్లలకు ఆయన చిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోగూడదు, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. ఎడమచేత్తో అక్షరాలు దిద్దించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మొదట అంతా వంకరటింకర. నెలలు గడిచేకొద్దీ ఆ కాలూ మాట వినడం నేర్చుకుంటుంది. అలా రెండు కాళ్లూ ఒక్కటైన పిల్లలు పట్నం గల్లీల్లో వందలమంది తయారయ్యారు. హబీబ్ ఇంట్లోనైతే అన్నదమ్ములు ఆరుగురూ ఫుట్‌బాల్ ఆడినవాళ్లే.

ఇక్కడ ఆ రోజుల్లో ఆటగాడి బతుకు ఎలా నడిచేదో చెప్పుకోవాలి. అది తెలియకపోతే హబీబ్ ఏం చేశాడో అర్థం కాదు. ఇంగ్లండులో ఆటగాడికి డబ్బిచ్చి ఆడించుకోవడాన్ని 1885లోనే అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకుంది. మన దగ్గర ఆ తర్వాత వందేళ్ల దాకా బంతి బాగా ఆడేవాడికి దక్కే బహుమానం ఒక సర్కారు కొలువు. పోలీసుశాఖ, రైల్వే, కస్టమ్స్, బ్యాంకు, పోర్టు ట్రస్టు. సిటీ పోలీస్ జట్టులో మెరిసినవాళ్లంతా కాగితం మీద పోలీసు ఉద్యోగులు. జీతం ఉద్యోగానికి, ఆట ఆ ఉద్యోగానికి పూసిన పువ్వు. మోకాలు విరిగినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది, అరవై ఏళ్లు దగ్గరపడితే పింఛను. ఏ తల్లి అయినా కొడుక్కి అదే కోరుకుంటుంది. మా పెద్దనాయన కూడా అదే కోరేవాడు. దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

హబీబ్ ఆ కొలువు వద్దన్నాడు. తన పని ఫుట్‌బాల్ ఆడటం, ఆడితే వచ్చేదే తన కూలి, ఆడలేని రోజు వస్తే అప్పటి సంగతి అప్పుడు. దేశంలో తొలి నిఖార్సయిన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని హబీబ్‌ను అనేది అందుకే. గోల్స్ వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కొలువనే ఊతకర్రను కావాలని పక్కన పెట్టి నడిచినవాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టడానికైనా లేరు. ఆయన దారినే తమ్ముడు అక్బర్ కూడా నడిచాడు.

1965-66 సంతోష్ ట్రోఫీ కేరళలోని కొల్లంలో జరిగింది. ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించింది. గెలిచిన జట్టులో ఈ కుర్రవాడూ ఉన్నాడు. ఓడినవాళ్లే వెంటనే బయానా పట్టుకొచ్చారు! 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ హబీబ్‌ను కలకత్తాకు తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు నిండుతున్నాయి. మన పట్నం నుంచి అంతకుముందే తులసీదాస్ బలరాం వెళ్లి అదే క్లబ్బులో పేరు తెచ్చుకున్నాడు, దారి కొత్తదేం కాదు. కానీ భాష రాని ఊరు. తిండి వేరు, వాన వేరు. మన దగ్గర ఫుట్‌బాల్ ఎండి గట్టిపడ్డ నేల మీద ఆట. కలకత్తా లీగ్ వానాకాలపు ఆట. గంగ ఒడ్డు మట్టి తడిస్తే కాలు మడమ దాకా దిగిపోతుంది, తోలు బంతి నీళ్లు తాగి రాయిలా బరువెక్కుతుంది. ఆ బురదలో తొంభై నిమిషాలూ ఒకే ఊపున పరుగెత్తాలంటే కాళ్లలో సత్తువ ఒక్కటే సరిపోదు.

ఈస్ట్ బెంగాల్ గురించి ఒక మాట. 1920లో పుట్టిన క్లబ్ అది. 1947లో దేశం రెండు ముక్కలయ్యాక తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ పొలమూ వదిలి కలకత్తా చేరిన లక్షలమందికి ఆ ఎరుపు, బంగారు రంగుల చొక్కా పోయిన ఊరికి గుర్తుగా మిగిలింది. క్లబ్ గెలిచిన రోజు వాళ్ల ఇళ్లలో ఇలిశ్ చేప వండుతారు. గోదావరి జిల్లాలవాళ్లు పులస అని ప్రాణం పెట్టేది ఆ చేపనే. 1889లో పుట్టిన మోహన్ బగాన్ గెలిస్తే ఆ వైపు ఇళ్లలో రొయ్యలు ఉడుకుతాయి. వలస వచ్చినవాళ్ల క్లబ్బులోకి మన పట్నం నుంచి వలస వెళ్లిన పిల్లవాడు చేరాడు. నాకు ఆ సంగతి తెలిసిన రోజు హబీబ్ మా ఊరివాడైపోయాడు. ఉర్దూ మాట్లాడే ఆ కుర్రవాడిలో నాకు రొట్టెల మూట కట్టుకుని బస్సెక్కిన మావాళ్లే కనబడ్డారు.

పోలిక అక్కడితో అయిపోలేదు. కలకత్తాలో లీగ్ మొదలయ్యే ముందు ఆటగాళ్లు ఏ క్లబ్బుకు ఆడతారో రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకు స్వయంగా వచ్చి సంతకం పెట్టాల్సి ఉండేది. 'దొల్ బొదొల్' అనేవారు ఆ రోజుల్ని, అంటే జట్టు మార్పిడి. సంతకం పడేదాకా ఎవరి ఆటగాణ్ణి ఎవరు ఎత్తుకుపోతారో తెలిసేది కాదు. క్లబ్బు పెద్దలు ఆటగాళ్లను ఎవరో ఒకరి ఇంట్లో, ఊరి బయటి తోటలో దాచి, పహరా పెట్టి, రోజు రాగానే కారులో తెచ్చి సంతకం పెట్టించేవారు. బయానా, పహరా, ఏడాది ఒప్పందం! పాలమూరులో మేస్త్రీని చూసినవాళ్లకు ఇవేవీ కొత్తగా అనిపించవు. తేడా ఒక్కచోటే ఉంది, అదే అసలైన తేడా. మా గుంపులో మనిషికి తన ధర తాను చెప్పుకునే వీలుండేది కాదు. హబీబ్ చెప్పుకోగలిగాడు. ఏ ఏడుకా ఏడు ఎవరికి ఆడాలో తనే తేల్చుకున్నాడు. ఈస్ట్ బెంగాల్‌లో కొన్నేళ్లు, మోహన్ బగాన్‌లో కొన్నేళ్లు, మహమ్మడన్ స్పోర్టింగ్‌లో కొన్నేళ్లు, మళ్లీ వెనక్కి. పద్దెనిమిదేళ్లపాటు ఆ మూడు గుడారాల మధ్యే తిరిగాడు. ఒక క్లబ్ అభిమాని ఇంకో క్లబ్ మొహం చూడని ఊళ్లో మూడు వైపులవాళ్లూ ఆయన్ను 'బడే మియా' అనే పిలిచారు.

ఎందుకు పిలిచారు? ఆటలోకి దిగాక ఆ చొక్కా కోసం ఎముకలు అరిగేలా ఆడేవాడు గనుక. పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి కాదు. ఫోటోల్లో చూస్తే సన్నగా, కళ్లు బంతి మీదే నిలిపి కనిపిస్తాడు. ముందు వరసకూ మధ్య వరసకూ నడుమ తిరుగుతూ గోల్ వేసేవాడు, వేయించేవాడు. బంతి పోతే వెనక్కి పరుగెత్తి లాక్కొచ్చేవాడు. ముందు వరస ఆటగాళ్లు ఆ రోజుల్లో వెనక్కి రావడం తక్కువతనంగా చూసేవారు. హబీబ్‌కు అలాంటి పట్టింపు లేదు. ఆట ముందు రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదనీ, కుర్ర ఆటగాళ్లను తన గదిలోనే పెట్టుకుని వేళకు తిండి, వేళకు నిద్ర పాటించేలా కాపలా కాసేవాడనీ కలిసి ఆడినవాళ్లు చెప్పుకుంటారు. కోచ్ అన్న పేరు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన ఆ పని మొదలుపెట్టాడని నా నమ్మకం.

1970 నుంచి 1975 దాకా ఈస్ట్ బెంగాల్ వరసగా ఆరుసార్లు కలకత్తా లీగ్ గెలిచింది. అందులో మొదటి ఐదేళ్లూ హబీబ్ ఆ జట్టులోనే ఉన్నాడు. 1972లో పి.కె.బెనర్జీ కోచ్‌గా వచ్చాక ఆ జట్టు లీగ్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ అదే ఏడాది ఇంటికి తెచ్చుకుంది. దానికి ముందు, 1969 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో, హబీబ్ బెంగాల్ తరఫున దిగి సర్వీసెస్ మీద ఒక్కడే ఐదు గోల్స్ కొట్టాడు. నాలుగేళ్ల కిందట బెంగాల్‌ను ఓడించిన జట్టులోని పిల్లవాడే ఇప్పుడు బెంగాల్‌ను గెలిపించాడు. కూలికి పోయినచోట కట్టే గోడ మనది కాదని తెలిసినా తాపీ వంకరపోనివ్వని మేస్త్రీలు మావాళ్లలో ఉండేవారు, అలాంటి పనితనం అది.

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలు. జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, మన పట్నం మనిషే. శిక్షణ ఇచ్చినవాళ్లలో పి.కె.బెనర్జీతో పాటు హైదరాబాదీ జి.ఎం.హెచ్.బాషా ఉన్నాడు. ముందు వరసలో హబీబ్. మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడి 1-0తో గెలిచి కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ పతకం చూడలేదు. రహీం పోయిన ఏడేళ్లకు కూడా ఆయన ఊరు అందించిన చేతులు ఆ జట్టును మోశాయని గమనించండి.

1975లో హబీబ్ మహమ్మడన్‌కు ఆడాడు. ఆ మరుసటి ఏడాది హబీబ్, అక్బర్ ఇద్దరూ మోహన్ బగాన్ చొక్కా వేసుకున్నారు. 1976 జులై 24న ఈస్ట్ బెంగాల్ మీద లీగ్ ఆట. విజిల్ మోగింది. ఉలగనాథన్ పక్క నుంచి బంతి లేపాడు, హబీబ్ తలతో దింపాడు, అక్బర్ లోపలికి కొట్టాడు. పదిహేడు సెకన్లు! మైదానంలోకి వస్తూ ఇంకా మెట్లెక్కుతున్నవాళ్లు గోల్ చూడనేలేదు. ఆ ఒక్క గోల్‌తోనే ఆట ముగిసింది. ఆ ఏడాది లీగ్ కూడా మోహన్ బగాన్‌దే అయింది, ఈస్ట్ బెంగాల్ ఆరేళ్ల వరస తెగింది. పట్నంలో ఒకే ఇంటి గడపలో ఆడుకున్న ఇద్దరు పిల్లలు రెండు తాకుళ్లలో చేసిన పని అది. బంతి అందిన వెంటనే ఇచ్చెయ్యాలన్న రహీం పాఠం నాకు అందులో వినబడుతుంది.

ఇక 1977 సెప్టెంబర్ 24. ఆ రోజు గురించి కొంచెం నిదానంగా చెప్పుకుందాం. అమెరికా క్లబ్ న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో పేలే కలకత్తా వచ్చాడు. వయసు ముప్పై ఆరు, ఇంకో వారానికి ఆట మానేస్తాడు. ఎదురుగా మోహన్ బగాన్. వాన పడి ఈడెన్ గార్డెన్స్ చిత్తడైపోయింది. గ్యాలరీల్లో ఎనభై వేల దాకా జనం, వాళ్లలో చాలామంది పేలేను ఒక్కసారి కళ్లారా చూస్తే చాలనుకుని వచ్చినవాళ్లే. 1970 ప్రపంచకప్ గెలిచిన బ్రెజిల్ నాయకుడు కార్లోస్ ఆల్బెర్టో ముందు గోల్ కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు, రావాల్సిందే వచ్చిందన్నట్టు. అప్పుడు శ్యామ్ థాపా సమం చేశాడు. ఆ వెంటనే హబీబ్ కొట్టాడు. 2-1. ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు పోసి తెచ్చుకున్న ఆటగాళ్ల జట్టు వెనకబడింది! వాళ్లకూ ఆటే కూలి, హబీబ్‌కూ ఆటే కూలి. వాళ్లకు అందే డబ్బుకూ ఈయనకు అందే డబ్బుకూ మధ్య ఎంత దూరముందో ఊహించుకోవచ్చు. ఆ బురదలో ఆ పూటకు ఆ దూరం చెరిగిపోయింది. చివర్లో ఇటలీవాడు కినాల్యా పెనాల్టీతో 2-2 చేశాడు. ఆట అయ్యాక పేలే హబీబ్‌ను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడని చెబుతారు. ఆ ఏడాది మోహన్ బగాన్ కూడా షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలుచుకుంది.

1980లో హబీబ్ మళ్లీ ఈస్ట్ బెంగాల్ గూటికి చేరాడు. చాలామంది ఆటగాళ్లు వదిలి వెళ్లిపోయి క్లబ్ బక్కచిక్కిన ఏడాది అది. ఇరాన్ నుంచి వచ్చిన మజీద్, జంషెడ్ అనే కుర్రాళ్లు ఒక పక్క, ముప్పై ఏళ్లు దాటిన హబీబ్ ఇంకో పక్క. ఆ జట్టు ఫెడరేషన్ కప్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకుంది. అదే ఏడాది హబీబ్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఆ తర్వాత మరో మూడు నాలుగేళ్లు ఆడి బూట్లు విప్పాడు.

అప్పటి సంగతి అప్పుడు అనుకున్న రోజు వచ్చేసింది. పింఛను లేదు, చేరడానికి ఆఫీసు లేదు. తెలిసిన పని ఒక్కటే. కోచింగ్ వైపు అడుగు వెయ్యడం ఆయనకు ఒక రకంగా తప్పనిసరి, ఇంకో రకంగా ఎప్పటి నుంచో చేస్తున్నదే.

1987లో జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ మొదలైంది. దేశం నలుమూలల నుంచి పదిహేను, పదహారేళ్ల పిల్లల్ని ఏరి తెచ్చి, అక్కడే ఉంచి, తిండి, చదువు, వైద్యం అన్నీ చూసుకుంటూ ఫుట్‌బాల్ నేర్పే చోటు. మన దేశంలో అంతకుముందు ఇంత పద్ధతిగా అలాంటిది లేదు. హబీబ్ అక్కడ కోచ్‌గా పనిచేశాడు. మణిపూర్ కొండల నుంచి, గోవా నుంచి, పంజాబ్ నుంచి, బెంగాల్ పల్లెల నుంచి పెట్టె మోసుకుని దిగిన పిల్లలు. వాళ్లలో చాలామందికి ఇల్లు వదలడం అదే మొదటిసారి. పదిహేడేళ్లకు భాష రాని ఊళ్లో దిగిన మనిషికి ఆ పిల్లల మొదటి రాత్రి ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా? తర్వాత హల్దియాలో బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం నడిపిన అకాడమీలోనూ పిల్లల్ని దిద్దాడు. మహమ్మడన్ జట్టుకూ కోచ్‌గా ఉన్నాడు.

కోచ్‌గా హబీబ్ రహీం అంతటివాడు కాలేదు. ఆ మాట దాచడం ఆయనకు గౌరవం కాదు. పెద్ద జట్ల కప్పుల లెక్కలో ఆయన తరం హైదరాబాదీలు ఇంకొందరు ముందున్నారు. షబ్బీర్ అలీ శిక్షణలో సాల్గావ్‌కర్ జట్టు 1998-99 జాతీయ లీగ్ గెలిచింది. నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య వచ్చింది. హబీబ్ పనిని మాత్రం కప్పుల లెక్కలో వెతకగూడదు. ఆయన ఒంటరిగా చేసిన సాహసం, అంటే ఆటే పనిగా బతకడం, అకాడమీల్లో చేరిన పిల్లలకు ఒక చదువుగా, ఒక వృత్తిగా మారింది. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలై క్లబ్బులు ఒప్పంద పత్రాలు రాసుకునే నాటికి, ఆ పత్రం మీద సంతకం పెట్టడానికి తయారుగా ఒక తరం నిలబడి ఉంది. ముప్పై ఏళ్ల ముందు తోడెవరూ లేకుండా ఆ దారిన వెళ్లినవాడు ఆ పిల్లల మధ్య విజిల్ పట్టుకుని తిరిగాడు.

చివరి రోజుల్లో ఆయన పట్నానికే తిరిగొచ్చాడు. టోలిచౌకిలో ఇల్లు. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్ పట్టింది, జ్ఞాపకం కూడా కరుగుతూ వచ్చింది. ఎనభై వేల మంది మధ్య అడుగు తడబడని కాళ్లు గదిలో నాలుగడుగులకు తడుముకున్నాయి. ఈస్ట్ బెంగాల్ క్లబ్ 'భారత్ గౌరవ్' ఇచ్చి సత్కరించింది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు పట్నంలో చాలామంది కుర్రాళ్లు సంబరం చేసుకున్నారు, వాళ్లలో ఎంతమందికి టోలిచౌకిలోని ఆ పెద్దమనిషి తెలుసని నాకు బెంగ. అంతకు ఏడాదిన్నర లోపే, 2023 ఆగస్టు 15న, హబీబ్ పోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో, కలకత్తా పక్కనే ఉత్తర్‌పారాలో స్థిరపడ్డ తులసీదాస్ బలరాం పోయాడు. వెళ్లిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చి, ఒకరు అక్కడే ఉండిపోయి.

మా పెద్దనాయన ఇప్పుడు లేడు. కిందటి నెల ఊరికి పోయినప్పుడు హైస్కూలు మైదానంలో పిల్లలు ఆడుతున్నారు. బంతి గుడ్డది కాదు, కంపెనీది, గాలి కొంచెం తగ్గింది. ఒకడు కుడికాలి వాటం పిల్లవాడు. నిలబడి చూసి చూసి, "ఒరేయ్, ఎడమకాలితో కొట్టు" అన్నాను. వాడు నా వైపు అనుమానంగా చూశాడు. కొట్టాడు. పక్కకు పోయింది. తెచ్చుకుని మళ్లీ కొట్టాడు.

(వచ్చే భాగంలో: బ్యాంకాక్‌లో నాయకుడు, ఆ తర్వాత దేశానికి కోచ్. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్న సయ్యద్ నయీముద్దీన్)